మ్యూజియంలో మగ్గం, మ్యూజియంలో కొలిమి

ఈసారి 'చేతిపని కబుర్లు'కి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: మ్యూజియాలకి అతిథులుగా వచ్చి, జనం ముందు పనిచేసి చూపించే కళాకారుల గురించి. వేసవిలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు రాసినవి కొన్ని, అసలు ఆ పిలుపు అందుకున్నవాళ్ళు రాసినవి కొన్ని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి, ఈ నెల వీటికే జవాబులు రాస్తున్నాను. చీర మీద నూనె మరక ఎలా పోతుందని అడిగిన ముగ్గురూ కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు మిషిగన్‌లో, నోవైలో ఉంటారు. డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ కట్టించిన మ్యూజియం, దాని పక్కనే గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ ఉన్నాయి కదా, అక్కడికి తీసుకెళ్ళారు. గాజు ఊదే షెడ్డులో ఆ రోజు ఎవరో అతిథి కళాకారిణి పనిచేస్తోంది. చాలాసేపు నిలబడి చూశాం. తీరా వస్తువు పూర్తయ్యాక తీసుకెళ్ళి ఒక పెట్టెలో పెట్టి తలుపు మూసేశారు. ఒకసారి చేత్తో పట్టుకుని చూస్తామన్నా ఇవ్వలేదు. పైగా అంతసేపూ ఆ గొట్టాన్ని తిప్పుతూనే ఉన్నారు. ఇందులో మర్మమేమిటి?
— రిటైర్డ్ హెడ్మాస్టర్, ఏలూరు

జవాబు: మాస్టారూ, వాళ్ళు ఇవ్వకపోవడమే మంచిదయింది. మీరు చూసినప్పుడు అది మామూలు గాజులాగే కనపడుంటుంది. ఎర్రదనం పోయింది కాబట్టి చల్లారిందనుకుంటాం. నిజానికి అప్పటికి కూడా అందులో కొన్ని వందల డిగ్రీల వేడి ఉంటుంది. ఆ పెట్టె కూడా బీరువా కాదు, అదొక పొయ్యి. లోపల దాదాపు 500 డిగ్రీల సెల్సియస్ ఉంచుతారు. వస్తువుని అందులో పెట్టి, రాత్రంతా నెమ్మదిగా వేడి తగ్గిస్తూ వస్తారు. పెద్ద వస్తువైతే ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. బయట వదిలేస్తే పైపొర ముందు చల్లబడి బిగుసుకుంటుంది, లోపలి పొర ఇంకా వేడిగానే ఉంటుంది. తర్వాత లోపలిది కూడా కుంచించుకోవాలని చూస్తుంది కానీ, పైపొర అప్పటికే బిగుసుకుపోయి ఉంటుంది. ఆ లాగుడు గాజులోనే ఉండిపోయి, అప్పుడే కాకపోతే మర్నాడో ఆ మర్నాడో ఎవరూ ముట్టుకోకుండానే పగులుతుంది.

ఇక తిప్పడం సంగతి. కొలిమిలో గాజు దాదాపు 1,100 డిగ్రీల దగ్గర ముదురు బెల్లప్పాకంలా ఉంటుంది. ఇనప గొట్టం కొసని అందులో ముంచి తిప్పితే దానికి చుట్టుకుంటుంది. బయటికి తీశాక ఒక్క క్షణం తిప్పడం ఆపినా బరువుకి ఓ పక్కకి జారిపోతుంది. అందుకని ఎడమచేత్తో గొట్టాన్ని తిప్పుతూనే కుడిచేత్తో ఆకారం ఇస్తారు. ఆకారం ఇచ్చేది దేనితోనో గమనించారా? తడిపి మడతపెట్టిన వార్తాపత్రికతో! దినపత్రికని నాలుగైదు మడతలు వేసి, నీళ్ళలో నానబెట్టి, అరచేతిలో పరిచి, మండే గాజుని దాని మీద పొర్లిస్తారు. మధ్యలో ఉండేది ఆ తడి కాగితమే. అక్కడ పుట్టే ఆవిరి పొర మీద గాజు జారుతుంది, చెయ్యి కాలదు. మా అబ్బాయి కూడా డియర్‌బోర్న్‌కి దగ్గర్లోనే ఉంటాడు కాబట్టి ఆ షెడ్డులో నేనూ నిలబడ్డాను. ఆ కాగితం అంచులు నల్లబడి, కాలిన వాసన వస్తుంటే నా పక్కనున్న పిల్లాడు ముక్కు మూసుకున్నాడు.

ఇంకోసారి వెళ్తే వస్తువుని గొట్టం నుంచి విడదీసే క్షణం చూడండి. ఊదిన గొట్టం మూతి వైపు అంటుకుని ఉంటుంది, మూతికి ఆకారం ఇవ్వాలంటే దాన్ని తియ్యాలి. అందుకని రెండో మనిషి ఇంకో ఇనప కడ్డీ కొసన కాస్త వేడి గాజు తీసుకొచ్చి వస్తువు అడుగున అంటిస్తాడు. అప్పుడు మొదటి మనిషి మూతి దగ్గర చన్నీటి చుక్క వేసి, గొట్టాన్ని చిన్నగా తడతాడు. టక్కున విడిపోతుంది. ఆ పనంతా రెప్పపాటులో అయిపోతుంది, అక్కడ తేడా వస్తే అంతవరకూ చేసింది నేలపాలే. అదిగో, ఆ రెండో మనిషిని బాగా చూడమంటాను. తలుపు తీసేది, కడ్డీ తెచ్చేది, చెప్పినప్పుడు గొట్టంలోకి ఊదేది ఆ మనిషే. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు, ఒక చూపుతో పని నడిచిపోతుంది. బయటినుంచి వచ్చిన కళాకారిణికి, మ్యూజియంలో రోజూ పనిచేసే సహాయకుడికి రెండు మూడు రోజుల్లోనే అంత పొత్తు కుదరడం నాకు గాజుకన్నా వింతగా అనిపించింది.

అసలు ఇలా ఒక మనిషి తన సొంత ఆలోచనతో, చిన్న కొలిమి దగ్గర గాజు పని చేయడమనేది అమెరికాలో మరీ పాతదేం కాదు. అంతకుముందు గాజంటే ఫ్యాక్టరీయే. 1962 మార్చిలో డియర్‌బోర్న్‌కి గంట ప్రయాణంలో ఉన్న టొలీడో కళా మ్యూజియం ఆవరణలో, ఓ షెడ్డులో, హార్వీ లిటిల్టన్ అనే కుమ్మరి పనివాడు, కళాశాల ఉపాధ్యాయుడు, చిన్న కొలిమి పెట్టి ప్రయత్నించాడు. మొదట గాజు సరిగ్గా కరగలేదు. గాజు పరిశ్రమలో పనిచేసే డామినిక్ లబీనో వచ్చి, కొలిమిని మార్పించి, గాజునార తయారీకి వాడే గోలీలు ఇచ్చి కరిగించమన్నాడు. అక్కడినుంచి దారి పడింది. మ్యూజియం వాళ్ళు బయటి మనిషిని పిలిచి చోటిచ్చారు కాబట్టే అది జరిగింది. ఇలా అతిథుల్ని పిలవడం వట్టి కాలక్షేపం అనేవాళ్ళకి నేను చెప్పే ఉదాహరణ ఇదే.

ప్రశ్న: మేమూ అక్కడికే వెళ్ళాం. గాజు దగ్గర జనం విరగబడి చూస్తున్నారు. పక్కనున్న నేత షెడ్డులో మాత్రం వచ్చినవాళ్ళు రెండు నిమిషాలు నిలబడి వెళ్ళిపోతున్నారు. మాది నేత కుటుంబం, కాస్త బాధనిపించింది. చేసేవాళ్ళ లోపమా, చూసేవాళ్ళ లోపమా?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ఎవరి లోపమూ కాదమ్మా. గాజు మన కళ్ళముందే పుట్టి, పెరిగి, అరగంటలో పూర్తవుతుంది. పైగా నిప్పు ఉంది, పగులుతుందేమో అన్న టెన్షన్ ఉంది. నేత దగ్గర అరగంట నిలబడితే గుడ్డ జానెడు కూడా పెరగదు. నాడె అటు వెళ్ళింది, ఇటు వచ్చింది, అయిపోయింది అనుకుంటారు. దానికి వాళ్ళనేమీ అనలేం.

నాకున్న బాధ వేరు. గాజు దగ్గర రెండో మనిషి కళ్ళెదుటే ఉంటాడు, కష్టం ఇద్దరిదని పిల్లాడికైనా తెలుస్తుంది. మగ్గం మ్యూజియానికి వచ్చేసరికి మాత్రం నేసేవాడొక్కడే వస్తాడు. మిగతా చేతులన్నీ ఇంటి దగ్గరే ఉండిపోతాయి. మీకు తెలియనిది కాదు, మీ ఇంట్లో కండెలు చుట్టింది ఎవరు? పడుగు పోసేటప్పుడు అటు చివర నిలబడింది ఎవరు? 48 అంగుళాల పన్నాకి అంగుళానికి 90 పోగుల చొప్పున వేసుకున్నా 4,320 పోగులు. పాత పడుగు అయిపోతే ఆ కొసలకి కొత్త పడుగుని పోగు పోగునా అతకాలి. అది చూపించడానికి ఏ మ్యూజియం వాళ్ళూ టికెట్టు పెట్టరు.

పోచంపల్లి వైపు ఆసు సంగతి తీసుకోండి. చిటికి కట్టడానికి, అంటే రంగు అంటకూడని చోట నూలుని బిగించి కట్టడానికి ముందు, పేక నూలుని అర్ధచంద్రాకారంగా మేకులున్న చట్రం మీద ఒక్కొక్క పోగూ చుట్టుకుంటూ పోవాలి. ఒక చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలని లెక్క చెప్తారు. ఇది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళ పని. తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆవిడ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ వార్త వచ్చేదాకా పోచంపల్లి చీర కట్టుకున్న ఎంతమందికి ఆసు అనే పని ఒకటుందని తెలుసు?

గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో మెచ్చుకోవాల్సింది ఒకటుంది. గుడ్డ వెనక ఉన్న పని అక్కడ విడివిడి చోట్లయినా కనిపిస్తుంది. ఫైర్‌స్టోన్ ఫార్మ్ అనే పాతకాలపు పొలంలో మెడ మీద ముడతలు ముడతలుగా చర్మం వేలాడే మెరినో గొర్రెలుంటాయి. ఉన్ని ఏకే మిల్లు ఒకటి ఉంది. ఆ తర్వాత నేత షెడ్డు. ఈ మూడింటినీ ఆ వరసలో చూసినవాళ్ళు మగ్గం దగ్గర ఇంకాసేపు నిలబడతారు. చాలామంది వరస తప్పి చూస్తారు, ఎందుకంటే పిల్లలు ముందు ఆవిరి రైలెక్కుదామంటారు. చలికాలంలో కొన్ని నెలలు విలేజ్ మూసేస్తారు, టికెట్టు కొనేముందు అది చూసుకోండి.

ఆ షెడ్డులో జకార్డు మగ్గం కూడా ఉంది. మనవాళ్ళు జకార్డు అంటే అదేదో మన ధర్మవరం మాటే అనుకునేంతగా అలవాటైపోయింది. ఫ్రాన్స్‌లో లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో తెచ్చిన పద్ధతి అది. చిల్లులున్న అట్టలు దండగా కుట్టి పైన తిరుగుతుంటాయి, చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. కంప్యూటర్ ఉద్యోగాల కోసం అక్కడ స్థిరపడిన మన పిల్లలకి ఆ అట్టల దండ చూపించండి. వాళ్ళంతట వాళ్ళే ఆగి చూస్తారు.

ఇంకొకటి. మగ్గానికి ఎదురుగా నిలబడితే ఏమీ కనపడదు. నేసేమనిషికి కాస్త పక్కగా, వెనక నిలబడి కాళ్ళు చూడండి. ఏ కాలు ఎప్పుడు తొక్కితే పడుగు ఎలా తెరుచుకుంటుందో అక్కడినుంచే అర్థమవుతుంది. మా చీరాలలో గుంట మగ్గాలకి ఆ సౌకర్యం కూడా ఉండదు, కాళ్ళు గుంటలో ఉంటాయి కదా.

ప్రశ్న: మ్యూజియంలో గాజు కళాకారుల వీడియో చూపిస్తూ మా లెక్చరర్ "గాజు పని మనది కాదు, మనకి మట్టి, నూలు, ఇత్తడే" అన్నారు. నిజమేనా?
— డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: మీ లెక్చరర్ గారిని ఆదివారం బస్సెక్కించి పాపానాయుడుపేట తీసుకెళ్ళు నాయనా. మీ ఏర్పేడు మండలంలోనే ఉంది, శ్రీకాళహస్తి పక్కన. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండు వేల ఏళ్ళ కిందట చిన్న చిన్న గాజు పూసలు చేసేవారు. ఆ తరహా పూసలు తూర్పు ఆఫ్రికా నుంచి ఇండోనేషియా దాకా తవ్వకాల్లో దొరికాయి. పూసల చరిత్ర మీద జీవితమంతా పనిచేసిన పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఆ పాత పద్ధతి ఇంకా బతికున్న ఊరుగా పాపానాయుడుపేటని చూపించాడు.

పద్ధతి వింటే ఆశ్చర్యపోతావు. అక్కడ పూసని విడిగా చెయ్యరు. ఇనప గొట్టానికి బోలెడంత కరిగిన గాజు ముద్ద పట్టించి, దాని మధ్యలో ఖాళీ ఉండేలా చూసుకుని, కొలిమిలో పెట్టి, ఇటువైపు నుంచి కొక్కెంతో కొస అందుకుని లాగుతారు. గాజు సన్నటి గొట్టంలా సాగుతూ వస్తుంది, మధ్యలో చిల్లు అలాగే ఉంటుంది. లాగుతూనే ఉండాలి, ఆగితే లావు సన్నం తేడా వచ్చేస్తుంది. చల్లారాక పొడుగు ముక్కలు చేసి, వాటిని మళ్ళీ పూసంత ముక్కలుగా నరుకుతారు. నరికిన అంచులు చెయ్యి కోస్తాయి కాబట్టి బూడిదలో కలిపి వేడి చేస్తారు. చిల్లులో బూడిద దూరి ఉంటుంది, అందుకే అది మూసుకుపోదు. అంచులు మాత్రం కరిగి నున్నగా అవుతాయి. ఆ బూడిద ఉపాయం ఎవరికి తట్టిందో గానీ, దండం పెట్టాలి.

ఇక్కడ కూడా కొలిమి దగ్గర మగవాళ్ళు, నరకడం, గుచ్చడం దగ్గర ఆడవాళ్ళు. ఫొటోలన్నీ కొలిమి దగ్గరే తీస్తారు.

గాజూ నూలూ కలిసే చోటు కూడా మన దగ్గరుంది. లంబాడీ ఆడవాళ్ళ రవికెల మీద, పైటల మీద కుట్టే అద్దాలు చూశావుగా. ఆ పాతరకం అద్దం పలకని కోసి చేసింది కాదు. గుజరాత్‌లో కపడ్‌వంజ్ వైపు గాజుని పెద్ద బుడగలా పలచగా ఊది, లోపల లోహపు పూత పూసి, తర్వాత ముక్కలు చేసేవారు. పాత రవికె దొరికితే అద్దాన్ని వేలితో తడిమి చూడు. కాస్త ఒంపు తగులుతుంది, అది ఆ బుడగ ఒంపే. ఇప్పుడు ఎక్కువగా వాడే అద్దాలు చదునుగా ఉంటాయి.

ప్రశ్న: ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియంలో పనిచేస్తూ కూర్చున్న కళాకారుల దగ్గర వస్తువులు కొన్నాం. మావారు బేరం ఆడితే మా అమ్మాయి అలిగింది. బేరం ఆడటం తప్పా?
— గృహిణి, హైదరాబాద్

జవాబు: బజారులో ఆడండి, అక్కడ మీకన్నా అమ్మేవాడికే నేర్పెక్కువ. మ్యూజియంలో కూర్చున్న మనిషి ఊరు వదిలి, రోజుకి పదిసార్లు పని ఆపి మీ ప్రశ్నలకి జవాబు చెప్తున్నాడు. పని ఆపితే కూలి ఆగుతుంది. ధర ఎక్కువనిపిస్తే చిన్న వస్తువు కొనండి. కొనకపోయినా ఫరవాలేదు, "ఇది ఎన్ని రోజుల పని? ఇంట్లో ఇంకెవరు చేస్తారు?" అని అడగండి. ఆ రెండో ప్రశ్నకి చాలామంది ముఖం విప్పారుతుంది, ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తారు. మీ అమ్మాయి వైపే నా ఓటు.

ప్రశ్న: మా నాన్నగారు శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తారు. అమెరికాలో ఒక చరిత్ర మ్యూజియం వాళ్ళు పది రోజులు అక్కడ ఉండి, జనం ముందు పనిచేసి చూపించమని పిలిచారు. ఒక గాజు కళాకారుడు, నాన్న పక్కపక్కనే కూర్చుంటారట. నాన్నకి సంతోషంగానే ఉంది, కానీ "జూలో బొమ్మలాగా కూర్చోబెడతారేమో" అని భయం. ఇంగ్లీషు రాదు. ఉత్తరాలన్నీ నేనే రాస్తున్నాను. ఏమేం అడగాలో, ఏమేం తీసుకెళ్ళాలో చెప్పండి.
— ఓ కళాకారుడి కూతురు

జవాబు: తల్లీ, మీ నాన్నగారి భయం ఊరికే పుట్టింది కాదు. 1886లో లండన్‌లో కలోనియల్ అండ్ ఇండియన్ ఎగ్జిబిషన్ పెట్టారు. అందులో 34 మంది భారతీయ చేతిపనివాళ్ళని తీసుకెళ్ళి, ప్రదర్శన కోసమే కట్టిన రాజభవనం ముంగిట్లో పనిచేస్తున్నట్టు కూర్చోబెట్టారు. చూసినవాళ్ళంతా వంశపారంపర్యంగా వచ్చిన పల్లె కళాకారులనుకుని మురిసిపోయారు. వాళ్ళలో చాలామంది ఆగ్రా జైలులో పని నేర్చుకున్న ఖైదీలు. విక్టోరియా రాణి వాళ్ళలో కొందరి బొమ్మలు రుడాల్ఫ్ స్వొబోడా అనే చిత్రకారుడితో వేయించుకుంది. బొమ్మలు బాగానే ఉంటాయి. కానీ ఆ 34 మందీ ఏమనుకున్నారో ఎవరూ అడగలేదు.

దానికి నూరేళ్ళకి ఒక ఏడాది తక్కువగా, 1985లో వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్ళు మన డిజైనర్ రాజీవ్ సేఠీ ఆధ్వర్యంలో 'అదితి' అనే ప్రదర్శన పెట్టినప్పుడు దాదాపు 40 మంది జానపద కళాకారులు వెళ్ళారు. ఆ వేసవే బయట మైదానంలో 'మేళా' పెట్టారు. అక్కడ వచ్చినవాళ్ళు కళాకారులుగా వచ్చారు, పేర్లతో, పనితో. తేడా అక్కడే ఉంది. కాబట్టి మొదటి ఉత్తరంలో మొదటి ప్రశ్న ఇది అడుగు: బోర్డు మీద నాన్న పేరు, ఊరి పేరు ఉంటాయా, లేక "భారతీయ కళాకారుడు" అని మాత్రమే రాస్తారా? పేరు స్పెల్లింగు నువ్వే రాసి పంపు.

రెండోది మనిషి. నాన్నకి ఇంగ్లీషు రానందుకు సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ తెలుగు వచ్చిన దుబాసీ కావాలి, రోజంతా కావాలి. అమెరికాలో ఏ పెద్ద ఊళ్ళోనైనా తెలుగు సంఘం ఉంది. మ్యూజియం వాళ్ళనే వాళ్ళతో మాట్లాడమను. హిందీ వచ్చినవాళ్ళని పెట్టి సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. ఇక సహాయకుడు. గాజు కళాకారుడికి ఎలాగూ ఒక సహాయకుణ్ణి ఇస్తారు, ఇవ్వకపోతే ఆ పని జరగదు. "కలంకారీకి కూడా ఇద్దరు కావాలి, రెండో టికెట్టు ఇవ్వండి" అని అడుగు. రంగులు నింపేది, గుడ్డ ఉతికేది, పాలల్లో తడిపేది మీ ఇంట్లో ఎవరో నాకు తెలియదు గానీ, చాలా ఇళ్ళలో అమ్మే. అమ్మని పంపమను. ఖర్చెక్కువ అంటారు. అననీ, అడగడానికేం!

డబ్బు సంగతి మొహమాటపడకుండా రాయించుకో. రోజుకింత అని ఇస్తారా, తిండి, బస, ఇన్సూరెన్సు ఎవరిది, వీసాకి కావాల్సిన ఉత్తరం ఎవరిస్తారు, వస్తువులు అమ్ముకోవచ్చా, అమ్మితే మ్యూజియం కమిషన్ ఎంత. అన్నిటికన్నా ముఖ్యం: అక్కడ కూర్చుని వేసిన గుడ్డ ఎవరిది? చాలామంది ఇది తిరిగొచ్చేటప్పుడు అడుగుతారు, అప్పటికి అది మ్యూజియం గోడెక్కి ఉంటుంది. ఉంచుకోవాలనుకుంటే కొనుక్కోమని ముందే రాయి. నాన్న గీతల్ని ఫొటో తీసి సంచుల మీద, కప్పుల మీద అచ్చేసి అమ్మే హక్కు కూడా విడిగా అడగాల్సిన విషయం, ఊరికే ఇచ్చెయ్యొద్దు. నాకు తెలిసిన ఒకావిడ వేసిన నెమలి, ఆవిడకి చెప్పకుండానే ఒక దుకాణంలో టేబుల్ గుడ్డ మీద తేలింది.

ఇక సరంజామా. అన్ని దశలూ అక్కడ చూపిద్దామని నాన్న అంటే ఆపెయ్యి. కుదరదు. పది రోజుల్లో అది ఒడిసే పని కాదు, పైగా స్వర్ణముఖిలో ఉతికినట్టు పారే నీళ్ళలో ఉతకడానికి మ్యూజియంలో ఏరు ఉండదు. గుడ్డని ఇంటి దగ్గరే కరక్కాయ, పాలల్లో తడిపి ఎండబెట్టి తీసుకెళ్ళండి. బాగా ఎండాలి, లేకపోతే పెట్టె తెరిచేసరికి వాసన కొడుతుంది. అలాంటివి నాలుగైదు, సగం నల్ల గీత వేసినవి రెండు, పటిక పెట్టి ఎరుపు ఉడికించినది ఒకటి, పూర్తయినది ఒకటి. వరసగా వేలాడదీస్తే ఏ దశ తర్వాత ఏది వస్తుందో మాట లేకుండానే అర్థమవుతుంది. కలాలు ఎక్కువే పెట్టుకోండి, పిల్లలు అడుగుతారు, వాళ్ళ చేతిలో విరుగుతాయి.

కసిమి, అంటే నల్ల గీతకి వాడే ద్రవం గురించి ముందే మాట్లాడు. బెల్లం, ఇనప ముక్కలు నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టిన నీళ్ళని విమానంలో తీసుకెళ్ళనిస్తారా, కరక్కాయ పొడి, చెక్కలు, వేర్లు అక్కడి కస్టమ్స్ దగ్గర ఆపుతారా అని మ్యూజియం వాళ్ళనే కనుక్కోమను. కుదరదంటే బెల్లం, తుప్పుపట్టిన మేకులు అక్కడే సంపాదించి, నాన్న వెళ్ళడానికి మూడు వారాల ముందు ఊరబెట్టించమను. ఎంత బెల్లానికి ఎంత నీళ్ళో నాన్న చెప్పగా వీడియో తీసి పంపు. వాళ్ళ మ్యూజియంలో ఆ వాసనకి ఎవరైనా ఫిర్యాదు చేస్తే అది వాళ్ళ తిప్పలు.

జనం ముందు ఏది చూపించాలంటావా, నల్ల గీతే చూపించమను. కలం చివరనున్న ఉన్ని ముద్దని వేలితో నొక్కుతూ గీస్తే, గీత మొదట లేత గోధుమరంగులో, ఉందా లేదా అన్నట్టు పడుతుంది. చూస్తుండగానే నల్లబడుతుంది. గుడ్డలో ఉన్న కరక్కాయ, కసిమిలో ఉన్న ఇనుము కలిసి చేసే పని అది. పాలల్లోని కొవ్వు ఆ గీతని పాకనివ్వదు. మనం రోజూ చూసేది కాబట్టి మనకి వింత అనిపించదు గానీ, మొదటిసారి చూసినవాళ్ళు అక్కడినుంచి కదలరు. గాజు కొలిమి పక్కనే ఉంటే జనం అటే పోతారేమో అన్న దిగులు కూడా అక్కర్లేదు. ఒక చిన్న ముక్క గుడ్డ, ఒక కలం ఎదురుగా పెట్టి "మీరు గీయండి" అంటే చాలు. కొలిమి దగ్గర ఆ మాట అనలేరు కదా.

నాన్నని గంటకోసారి లేచి తిరగమను. కింద కూర్చునే ఏర్పాటు కావాలా, బల్ల కావాలా అన్నది కూడా రాయి. అలవాటు లేని బల్ల మీద పది రోజులు గీస్తే మెడ పట్టేస్తుంది. కింద కూర్చుంటే జనం పైనుంచి వంగి చూస్తారు, నాన్నకి నచ్చని చూపు అదేనేమో. అలాగైతే జానెడు ఎత్తున అరుగులాంటిది వేయించి, చుట్టూ చూసేవాళ్ళకి కూడా పొట్టి పీటలు వేయమను. అందరూ కూర్చునే ఉంటారు.

మ్యూజియం వాళ్ళు వీటిలో దేనికి ఒప్పుకున్నారో, దేనికి ఒప్పుకోలేదో నాకు రాయి తల్లీ, ముఖ్యంగా అమ్మ టికెట్టు సంగతి. ఇలాంటి పిలుపే వచ్చిన పెడన అచ్చు కలంకారీ ఆయనొకరు, పుట్టపాకలో తేలియా రుమాలు నేసే ఆయనొకరు ఇదే ప్రశ్నతో నా జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.